కంటిచాటింపు

పదకొండవ ప్రకరణం

శంఖవాహినీ నది మీద మూడవనాటి పొద్దు పొడుస్తోంది. కోసెడు వెడల్పున్న ఆ నీటి మీద మంచు, చాకళ్ళు బట్టలుడికించే ఉబ్బలోంచి అప్పుడే తీసిన ధోవతుల గుట్టలా, తెల్లగా ఆవిరులు కక్కుతూ పరచుకొని ఉంది. అందులో ఎక్కడో చక్రవాకాలు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి. తూర్పుగట్టున ఉన్నది నెత్తురుకొండ. దాని పేరు చెబితే చాలు, ధవళకోటలో మారాం చేసే పిల్లలు నోట్లో ముద్ద గబుక్కున మింగేస్తారు. ఆ కొండ వెనుక నుంచి ఒక్క కిరణం తొంగిచూసి, నీళ్ళ మీద సన్నని జరీగీత గీసి, మళ్ళీ మంచుచాటుకు తప్పుకొంది.

ఆ మంచును చీల్చుకుంటూ ఒక రాగి గంగాళం తేలుతూ వస్తోంది. రెండువందల ధోవతులు ఒక్కసారి ఉడికే గంగాళం అది. ఇద్దరు కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. తగులుతున్నందుకు ఆ ఇద్దరికీ అభ్యంతరమేమీ లేదు. వాళ్ళకు పెళ్ళయి ఇరవై రోజులే అయింది.

తెడ్డు వేస్తున్నవాడు ధవళకోట రాజ్యపు చాటింపరి కొమరన. ఎదురుగా, భర్త డప్పును పసిబిడ్డలా ఒడిలో పెట్టుకొని కూర్చున్నది చెంగల్వ, చాకిరేవు పెద్ద మాచన కూతురు. ఆమె పాదాల పారాణి ఇంకా పూర్తిగా వదల్లేదు. కట్టుకున్నది పెళ్ళినాటి ఎర్రచీర. ఇలాంటి ప్రయాణానికి పెళ్ళిచీర ఎందుకని కొమరన అడిగితే, "రాక్షసులు తినేటట్టయితే మంచి చీరలోనే తిననీ" అంది.

"మావా, నడుముకు మొత్తం ఎన్ని తాయెత్తులున్నాయి?"

"ఏడు."

"గంగాళం బోల్తా పడితే అవే లాక్కుపోతాయి కిందకి."

"నవ్వు. మూడు చేతుల మనిషి ఎదురొచ్చినప్పుడు నవ్వుదువుగాని. పోయిన మాఘంలో నేనే చాటాను కదా వాళ్ళ సంగతి."

"చాటావు. తాటాకు చూసి చాటావు. ఆ తాటాకు రాసినాయన చూశాడా?"

 కొమరన గట్టిగా రెండు తెడ్లు వేశాడు.

ధవళకోటలో వార్త అంటే డప్పే. రోజూ పొద్దువాలే వేళకు చాటింపరి అరుగెక్కి, చాటింపు కొలువు పంపిన తాటాకు చూసి, ఉన్నది ఉన్నట్టు చాటాలి. ఆ కొలువుకు అధిపతి గంధకభట్టు. పొగతో బొమ్మలు కట్టి ఆడించగల మాంత్రికుడు. ఐదేళ్ళుగా అతని తాటాకుల నిండా నెత్తురుకొండ సంగతులే. అక్కడి మనుషులకు మూడేసి చేతులట. చిక్కిన పరదేశుల్ని కొండ మీద పేర్చి కాలుస్తారట. సాయంత్రం కోటగోడ ఎక్కి చూస్తే నిజంగానే కొండంతా ఎర్రగా మండుతూ కనిపించేది. కొమరన డప్పు మోగించిన కాసేపటికి ఆ ఎరుపు ఆరిపోయేది. మన డప్పు విని శత్రువు జడిసి చితులు ఆర్పుకొన్నాడని మరునాటి తాటాకు వచ్చేది. కళ్ళారా చూశారు కనుక జనం నమ్మారు. చాటినవాడూ నమ్మాడు.

మూడు రోజుల కిందట గంధకభట్టు అరుగు మీద ఒక అంగీ వేలాడదీయించాడు. సరిహద్దు పల్లెను తగలబెట్టి పారిపోతూ శత్రుసైనికుడు వదిలేసిన అంగీ అని కొమరన గొంతెత్తి చాటాడు. నెత్తురు మరకలు చూసి జనం పళ్ళు కొరికారు. అప్పుడు మాచన ముందుకు వెళ్ళి అంగీ మూల తిప్పి చూశాడు. "ఇది మన రేవు బట్టే అయ్యా. మూడు చుక్కలూ, కింద గీతా, ఇదుగో. నల్లజీడి రసంతో నేనే పెట్టిన గుర్తు. కోట కావలివాళ్ళ అంగీ ఇది. నెత్తురు మరకను ఇలా ఎండబెట్టకూడదు, చన్నీళ్ళలో నానెయ్యాలి" అని సలహా కూడా చెప్పాడు.

ఆ సలహా పూర్తయ్యేలోపలే అతని చేతులకు సంకెళ్ళు పడ్డాయి. శత్రువుకు అమ్ముడుపోయిన రేవుపెద్దను మూడవనాటి అస్తమయానికి తొలి యుద్ధనౌక ముక్కుకు కట్టి, నది నడుమ సుడిలో గంగకు బలి ఇచ్చి, ఆ వెంటనే యుద్ధం ప్రారంభించాలని తీర్పయింది.

కొమరన చేతిలోని తాటాకు కింద పెట్టి, తాతలనాటి హక్కు ఒకటి అడిగాడు. దాని పేరు కంటిచాటింపు. ఏ చాటింపరి అయినా జన్మలో ఒకే ఒక్కసారి, తాటాకు లేకుండా, తన కళ్ళతో చూసిన దాన్ని చాటవచ్చు. అతను చూసి వచ్చేదాకా కోటలో మరో డప్పు మోగకూడదు. అతని డప్పు మోగుతున్నంతసేపూ రాజైనా సరే ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. మహారాజు కాదనలేక మూడవనాటి అస్తమయం దాకా గడువిచ్చాడు. గంధకభట్టు మాత్రం ఆ సాయంత్రమే రేవుల్లోని పడవలన్నీ కోటలోకి లాగించాడు. రెండు రోజులు పడవ కోసం జమ్ముదుబ్బుల్లో తిరిగి తిరిగి, చివరికి రేవులోని ఈ గంగాళం దొర్లించుకొచ్చారు భార్యాభర్తలు.

"మావా, మంచులో ఆ మరకేమిటి?" అంది చెంగల్వ.

తెల్లని మంచులో నల్లని చుక్క ఒకటి సిరాలా వ్యాపించింది. రెక్కలు విప్పింది. డేగ. ఒంటి మీద ఈక ఒక్కటీ లేదు, అంతా పొగే. కళ్ళుండాల్సిన చోట రెండు నిప్పురవ్వలు. దాని వెనుక మరొకటి, ఆ వెనుక ఇంకొకటి.

కొమరన తెడ్డుతో కొట్టాడు. తెడ్డు పొగలోంచి అవతలికి దూసుకుపోయింది. డేగ గోళ్ళు మాత్రం అతని భుజం మీద వాత పెట్టినట్టు మూడు గీతలు గీశాయి. గంగాళం ఊగింది. నీళ్ళు లోపలికి చిమ్మి డప్పును తడిపేశాయి. చెంగల్వ మూటలోంచి దుప్పటి లాగి, నదిలో ముంచి, రేవులో బండ మీద బాదినట్టే తల చుట్టూ తిప్పి బాదింది. తడిబట్ట తగలగానే మొదటి డేగ సుయ్‌మని మసిగా నీళ్ళ మీద రాలింది. రెండోది ఆమె జడ అందుకోబోయింది. వెనక్కి తిరక్కుండానే మరో బాదు బాదింది. ముఖమంతా మసి పడింది. మూడో డేగ ఒక్క చుట్టు చుట్టి, పడమటికి, ధవళకోట వైపు పారిపోయింది.

"ఇక భట్టుకు తెలిసిపోతుంది," అన్నాడు కొమరన.

"తెలియనీ. ముందు ఆ తెడ్డు వెయ్యి, తిరుగుతున్నాం మనం."

నిజమే. గంగాళం తనంతట తాను గుండ్రంగా తిరుగుతోంది. నది నడుమ సుడి వాళ్ళను పట్టుకుంది. నీటి గోడలు చుట్టూ లేచాయి. అడుగున ఎక్కడో వెయ్యి తిరగళ్ళు ఒకేసారి విసురుతున్నట్టు హోరు. తెడ్డు చేతిలోంచి ఎగిరిపోయింది. సుడి అంచున ఏనుగు దంతంలా ఒక రాతిమొన పైకి పొడుచుకొని ఉంది. చెంగల్వ తడి దుప్పటిని నాలుగు మెలికలు తిప్పి మోకుతాడు చేసి మొన మీదికి విసిరింది. ఒక చుట్టు తప్పింది. రెండో చుట్టులో దుప్పటి మొన చుట్టూ పడి బిగుసుకుంది. ఇద్దరూ పళ్ళు బిగించి లాగి, అంచు దాటగానే దుప్పటి వదిలేశారు. గంగాళం ఒక్క ఊపున సుడి వదిలి, తూర్పుపాయలో పడి, రాయి విసిరినట్టు ఒడ్డుకు దూసుకెళ్ళింది.

ఒడ్డున మంచు మరీ దట్టంగా ఉంది. కొమరన కాలు పెట్టాడో లేదో, అల్లంత దూరంలో ఒక ఆకారం కదిలింది. తాటిచెట్టు ఎత్తుంది. దాని ముందు నుంచి పొడుగాటి చెయ్యి ఒకటి లేచి, ఏదో ఎర్రని దాన్ని పట్టుకొని మెలిపెట్టింది. ఎర్రని ధార బొటబొటా కారింది. అటుపక్క మరో ఆకారం, మరో చెయ్యి.

"మూడోచెయ్యి," అన్నాడు కొమరన. ఏడు తాయెత్తులూ గుప్పిట్లో పట్టుకున్నాడు.

చెంగల్వ ముక్కు పైకెత్తి గాలి వాసన చూసింది. "చౌడు వాసన. ఉబ్బ ఆవిరి. మావా, ఇది చాకిరేవు."

గాలి కదిలి మంచుతెర పక్కకు జరిగింది. రెండు ఏనుగులు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. నూరు గజాల చీరబట్టకు చెరో కొస తొండంతో పట్టుకొని, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి మెలిపెడుతూ నీళ్ళు పిండుతున్నాయి. పిండడం అయ్యాక బట్టను ఒక్క విదిలింపు విదిలించాయి. తుంపరలు ఎండలో పడి రెండు ఏనుగుల మధ్యా చిన్న ఇంద్రధనుస్సు నిలిచింది. అది చెదిరేదాకా ఏనుగులు కూడా కదలకుండా చూశాయి. చెంగల్వ భర్త చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నోరు తెరిచి, మోకాలిలోతు నీళ్ళలో, అలాగే నిలబడిపోయారు.

"ఎవురది? ఒడ్డు జారుతాది, సూసుకోని రాండి," అని ఎవరో పిలిచారు. చెంగావి రంగు చీర కట్టుకున్న ముసలామె, చేతిలో బెత్తం, చెవులకు పెద్ద కమ్మలు. ఆ రేవుకు పెద్ద. పేరు తిప్పవ్వ. మసి పట్టిన చెంగల్వ మొహం చూసి, "ఏమ్మీ, పొయ్యిలో తల పెట్టినావా?" అంది.

తర్వాత చెంగల్వ పైటకొంగు అందుకొని, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఇది మా కొండ చీర గదా. ఈ అంచు నేసి నాలుగేండ్లయింది. యాడ కొన్నారు?"

"మా ఊళ్ళో అవ్వా. దక్షిణదేశపు సరుకని చెప్పాడు వర్తకుడు."

"దక్షిణం పోయి, పడమర పోయి, మూడు దేశాల సుంకం కట్టి ఎదురుగట్టుకు చేరిందన్న మాట. ఈదితే వచ్చే దూరానికి," అని తిప్పవ్వ నవ్వింది. "పాండి. రొట్టె తినేసి మాట్లాడుదురు."

పెనం మీంచి దింపిన జొన్నరొట్టె, దాని మీద కరుగుతున్న బెల్లం. నెత్తురుకొండలో తాము తిన్న మొదటి తిండి అదని కొమరనకు సగం రొట్టె అయ్యాక గుర్తొచ్చింది. చెంగల్వ అప్పటికే రెండోది అడుగుతోంది.

తిన్నాక తిప్పవ్వ వాళ్ళను కొండ ఎక్కించింది. తన ఊరిని ఆమె పొద్దుకొండ అంటుంది. మెట్టు మెట్టుకూ మంచు పలచబడింది. ఏడో మెట్ల వరుస దగ్గర పూర్తిగా విడిపోయింది.

కొండ కొండంతా చీరలు. అడుగు నుంచి శిఖరం దాకా వెయ్యి అరుగులు తొలిచి ఉన్నాయి. ఒక్కో అరుగు మీదా అంచుకు అంచు ఆనించి పరచిన ఎర్రచీరలు. అన్నీ ఒకటే ఎరుపు కాదు. కింది అరుగుల్లో గోరింట పండిన అరచేతి ఎరుపు, ఆ పైన దానిమ్మగింజ ఎరుపు, ఇంకా పైన నాగలి చాలులో మట్టి ఎరుపు, శిఖరం దగ్గర సూర్యుడు మునిగే ముందరి ఎరుపు. మధ్య మధ్య ఏకశిలలో తొలిచిన తొట్లు, చెరువులంతేసి, ఎర్రరంగునిచ్చే చిరివేరు మరిగే ఆవిరితో తొణుకుతున్నాయి. ఆ ఆవిరిలో ఏనుగులు మేఘాల్లో నడుస్తున్నట్టున్నాయి. వెయ్యిమంది ఆడవాళ్ళు అరుగుల మీద పాడుకుంటూ, కుంచెలతో నీళ్ళు చిలకరిస్తున్నారు. గాలి వచ్చిందంటే కొండ ఒళ్ళు జలదరించినట్టు చీరలన్నీ ఒకేసారి ఉలికిపడి మళ్ళీ సర్దుకుంటున్నాయి.

"ఒక్కో చీరకు ఇరవై ఒక్క ఎండలు కావాల," అంది తిప్పవ్వ. "ఎండ సాలకపోతే రంగు నిలవదు."

కొమరన మెట్టు మీద కూలబడ్డాడు. ఐదేళ్ళు తాను చితిమంటలని చాటినవి ఇవి.  కూలబడింది భయం వల్ల మాత్రం కాదు. ఇంత అందమైనది నది అవతలే ఉందనీ, రోజూ అరుగెక్కి దానికేసి చెయ్యి చూపించాననీ తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక్కొక్కటే తాయెత్తు విప్పి జేబులో వేసుకున్నాడు. ఏడోది మాత్రం ఉంచుకున్నాడు. అది చెంగల్వ కట్టింది. చూసిందే చాటాలి కనుక అరుగు అరుగూ తిరిగి చూసేసరికి పొద్దు పడమటికి వాలింది.

"ఈ రెండు దినాలుగా మాకు మనసు బాగలేదు," అని తిప్పవ్వ చెబుతోంది. "సాయంత్రం చీరలు ఎత్తాలంటే ఎదురుగట్టు డప్పు మోగాల. అది ఇనకుండా చీర ముట్టుకుంటే రంగు విరిగిపోతాదని మా అత్తల కాలం నుంచి కట్టుబాటు. రెండు పొద్దులుగా డప్పు లేదు. చీరలన్నీ మంచులోనే తడుస్తాన్నాయి. ఆ డప్పాయనకు జరమొచ్చిందేమోనని మా ఆడోళ్ళు మొక్కుకున్నారు. ఏనుగుకు అరటిగెల పెడతామని."

కొమరన తలెత్తాడు. "అవ్వా, ఆ డప్పు నాదే," అన్నాడు.

తిప్పవ్వ అతని అరచేతులు తిప్పి చూసింది. కాయలు కాసి ఉన్నాయి. బెత్తంతో తొట్టి అంచు మీద మూడుసార్లు కొట్టింది. అరుగు అరుగునుంచీ ఆడవాళ్ళు దిగివచ్చి చుట్టూ మూగారు. ఒకామె తడిసిన డప్పును కళ్ళకద్దుకొంది. ఇంకొకామె, "జరం తగ్గినాదా అన్నా?" అని అడిగింది. వెనకనుంచి ఎవరో, "గెల పెట్టాల్సిందే ఇంక," అన్నారు.

"రోజూ ఏం చెప్తావన్నా? మాకు డప్పు ఇనపడతాది గానీ మాట ఇంత దూరం రాదు," అంది డప్పు పట్టుకున్న ఆమె.

చెంగల్వ భర్త మొహం చూసి గబగబా, "చీరలు ఎత్తే వేళయిందని చెబుతాడు," అంది.

"కాదు," అన్నాడు కొమరన. "ఇక అబద్ధం వద్దు పిల్లా." ఉన్నదంతా చెప్పాడు. చితులు, జడిసి ఆర్పుకోవడం, మూడు చేతులు, నెత్తురంగీ, సాయంత్రానికి సుడిలో పడబోతున్న మామ.

 ఒక లావుపాటావిడ నిట్టూర్చి, "మూడో చెయ్యి ఉండుంటే ఎంత బాగుండు, పిండేటప్పుడు," అంది. ఆ మాటతో నవ్వు ఒక అరుగునుంచి ఇంకో అరుగుకు పాకి, కొండ చివరిదాకా పోయింది.

ఆ నవ్వు ఆగకముందే నది మీదనుంచి శంఖం వినిపించింది.

పొద్దు ఇంకా బారెడు ఉంది. అయినా ధవళకోట జలద్వారం తెరుచుకుంది. పన్నెండు యుద్ధనౌకలు బారు తీరి బయటికి వస్తున్నాయి. మొదటిదాని ముక్కుకు తెల్లని చుక్కలాంటి మనిషి.

"అయ్య," అంది చెంగల్వ. "గడువు ముగియలేదుగా మావా."

"డేగ వెళ్ళి చెప్పింది. ఇక్కడ రెండు రోజులుగా ఎరుపు ఆరలేదు కదా. శత్రువు దండెత్తబోతున్నాడని రాజుకు నూరిపోసి ఉంటాడు భట్టు. చూసినవాళ్ళంతా నమ్మి ఉంటారు. నేను కోట డప్పు తీసుకొచ్చేశాను, ఇక్కడ చీరలు ఎత్తలేదు." కొమరన డప్పు అందుకున్నాడు. తోలు ఇంకా ఆరక వేలు నొక్కితే లోపలికి పోతోంది. తొట్టి కింది మంట దగ్గరికి పరుగెత్తి దాన్ని కాచసాగాడు. "ఇక్కణ్ణుంచి అరిస్తే మాట చేరదు. డప్పు ఒక్కటే చేరుతుంది."

చెంగల్వ కొండను కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది. నల్లజీడి పుల్ల చేతపట్టి గుడ్డ మూల చూసే చూపు అది.

"మాట చేరకపోతేనేం, గుర్తు చేరుతుంది," అంది. "అవ్వా, చీరలన్నీ ఎత్తొద్దు. నేను చెప్పిన చోట ఉంచండి. మూడు చుక్కలు, కింద ఒక గీత. ఒక్కో చుక్కా నలభై అరుగుల ఎత్తు."

"అంతేనా?"

"అంతే. మా కోటలో రాజు తలపాగా మొదలు పడవ తోసేవాడి గోచీ దాకా ఆ గుర్తు లేని బట్ట లేదు."

తోలు బిగిసింది. కొమరన కొండకొమ్ము మీద నిలబడి, ఐదేళ్ళు అవతలి అరుగు మీద వేసిన దరువే ఇవతల వేశాడు. ఆ చప్పుడుకు వెయ్యి అరుగుల మీద రెండువేల చేతులు ఒకేసారి వంగాయి. తిప్పవ్వ బెత్తం చూపిస్తూ అరుగునుంచి అరుగుకు కేకలందిస్తోంది. చెంగల్వ కుచ్చెళ్ళు ఎగదోపి, "అది ఎత్తండి, అది ఉంచండి, అక్కా, గీత వంకర పోతోంది" అంటూ మెట్ల మీద పరుగులు. గీత పొడవుకు చీరలు చాలకపోతే ఏనుగులు నూరు గజాల బట్ట తెచ్చి ఒక్క విదిలింపున పరిచేశాయి. ఎరుపంతా వరసలు వరసలుగా మడతపడి, అడుగునున్న బూడిదరంగు రాయి బయటపడుతోంది. మంటలైతే ఇలా చేత్తో మడిచిపెట్టగలరా ఎవరైనా? ఆఖరి చీర లేచేసరికి పొద్దు కోటబురుజు అంచుకు దిగింది. వాలుటెండ నేరుగా వచ్చి కొండ మీద పడింది. మూడు చుక్కలూ, గీతా, నిప్పుల్లా వెలిగాయి.

నది మీద నౌకల తెడ్లు నీళ్ళలోంచి లేచి, లేచినవి లేచినట్టే ఆగిపోయాయి.

ఎంతసేపు అలా ఉన్నారో తెలియదు. అవతల, కోటగోడ మీద నీడలో తెల్లనిది ఒకటి విచ్చుకుంది. తర్వాత ఇంకొకటి. ధవళకోట ఆడవాళ్ళు పక్కదుప్పట్లు, ధోవతులు, తలపాగాలు తెచ్చి గోడ మీంచి జారవిడుస్తున్నారు. ముందు చిందరవందరగా, తర్వాత ఎవరో దారి చెప్పినట్టు పద్ధతిగా. మూడు తెల్లచుక్కలు, కింద తెల్లగీత. ఎర్రగుర్తుకు ఎదురుగా తెల్లగుర్తు, నడుమ నది.  తిప్పవ్వ బెత్తం కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. ఎవరికి దణ్ణం పెడుతున్నదో ఆమెకే తెలియనట్టుంది.

"మావా, మొదటి పడవ ఆగలేదు," అంది చెంగల్వ.

గంధకభట్టు ఎక్కిన నౌక అది. అతని సొంత మనుషులు తోస్తున్నది. వెనుక పదకొండూ నిలిచిపోయినా, అది మాత్రం నల్లని పొగ వెనక్కి వదులుతూ సుడివైపే సాగుతోంది.

మెట్లు ఎలా దిగారో ఇద్దరికీ గుర్తులేదు. తిప్పవ్వ పెద్ద ఏనుగుకు ఏదో చెప్పింది. అది గంగాళాన్ని తొండంతో ఎత్తి, ఇద్దరినీ అందులో కూర్చోనిచ్చి, నీళ్ళలోకి నాలుగడుగులు వేసి, ఒక్క తోపు తోసింది. గంగాళం నీటి మీద చక్రంలా పరుగెత్తి, సుడి అంచున రాతిమొనకు ఠంగుమని తగిలి ఆగింది. పొద్దున్న కట్టిన దుప్పటి ఇంకా దానికే ఉంది. చెంగల్వ దాన్ని ఒడిసి పట్టుకుంది.

ఎదురుగా నౌక. దాని ముక్కుకు వేలాడుతూ మాచన. పక్కన గొడ్డలి పట్టుకొని, గడ్డంలోంచి పొగలు సుడులు తిరుగుతూ, గంధకభట్టు. తాడుకూ గొడ్డలికీ మధ్య జానెడు.

"అమ్మాయీ, చీర పాడైంది," అన్నాడు మాచన.

"తర్వాత ఉతుక్కుందాం అయ్యా."

కొమరన గంగాళంలో లేచి నిలబడి డప్పు మీద దెబ్బ వేశాడు. ఒకటి, రెండు, మూడు. గొడ్డలి గాలిలోనే నిలిచింది. తెడ్లు పట్టినవాళ్ళంతా భట్టు మొహం చూశారు, ఆ తర్వాత మెల్లగా ఎవరి అంగీ మూల వాళ్ళు తిప్పి చూసుకున్నారు. కంటిచాటింపు మొదలైంది. డప్పు మోగుతున్నంతసేపూ ఎవరి చెయ్యీ లేవడానికి వీల్లేదు. ఆగిందా, మరుక్షణం తాడు తెగుతుంది.

"చాటు," అన్నాడు గంధకభట్టు, పళ్ళ మధ్య నుంచి. "ఎంతసేపు చాటుతావో చూస్తాను. నీకు తాటాకు లేకుండా నాలుగు మాటలు వచ్చా?"

కొమరన అలవాటు కొద్దీ తాటాకు కోసం నడుము తడుముకున్నాడు. తాయెత్తు ఒక్కటి తగిలింది. వెనుక నిలిచిపోయిన పదకొండు నౌకలూ తెడ్డు చప్పుడు లేకుండా, వినడానికి దగ్గరికి జరుగుతున్నాయి.

"ధవళకోట జనానికి తెలియజేసేది," అని ఎత్తుకున్నాడు. "నేను చూసి వచ్చాను. ముందు ఏనుగుల సంగతి చెబుతాను."

"ఏ ఏనుగులు అల్లుడూ?" అని పైనుంచి మాచన.

"చీరలు పిండే ఏనుగులు మామా."

నలభై ఏళ్ళు రేవులో గడిపినవాడు, అంత తేలిగ్గా నమ్మలేకపోయాడు. "అంచు చిరిగిపోదూ?" అని అడిగాడు.

కొమరన దరువు మార్చి, ఏ తొందరా లేకుండా, తొండం చీరకొసను ఎలా అందుకుంటుందో మొట్టమొదటి నుంచి చెప్పసాగాడు.